పాత సామాన్లు గేటు దాటేదాకా

(బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకు మైకు అక్కర్లేదు. పార్కింగ్‌లో సైకిళ్లు తొక్కే పిల్లల్ని కేకలేసేది నేనే కాబట్టి నా గొంతు మీ అందరికీ తెలిసిందే. (నవ్వులు)

గరాజ్ సేల్, అంటే ఇంట్లో వాడని పాత సామాన్లు మనమే అమ్మకానికి పెట్టడం, ఎలా పెట్టాలో చెప్పమన్నారు. మనలో చాలామంది అమెరికాలో కొన్నాళ్లు ఉండొచ్చినవాళ్లే, పేరు కొత్తేమీ కాదు. అక్కడ శనివారం పొద్దున్నే కారు షెడ్డు తలుపెత్తి, ముందున్న సిమెంటు దారి మీద బల్లలు వేసి, వీధి చివర స్తంభానికి ఒక అట్టముక్క కడితే చాలు, దారినపోయేవాళ్లు కారాపి దిగి చూస్తారు. కొన్ని ఊళ్లలో దానికి కూడా మున్సిపాలిటీ పర్మిట్ కావాలి, ఏడాదికి ఇన్నిసార్లే అని లెక్క కూడా ఉంటుంది, అది వేరే సంగతి. కానీ ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే నడవదు. అక్కడ ఇంటికీ రోడ్డుకీ మధ్య ఏమీ ఉండదు. మనకి గేటుంది, గేటు దగ్గర రిజిస్టరుంది, ఫోన్లో అప్రూవల్ ఉంది. మీ డైనింగ్ టేబుల్ బేస్‌మెంట్‌లో అమ్మకానికి ఉందని రోడ్డు మీద పోయే మనిషికి ఎలా తెలుస్తుంది? తెలిసినా లోపలికెలా వస్తాడు?

అందుకే చాలా అపార్ట్‌మెంట్లలో ఈ సేల్ ఒక వింత వ్యవహారంగా తయారైంది. ఏ టవర్ వాళ్ల టేబుల్ ల్యాంపు బీ టవర్ వాళ్లు కొంటారు, బీ టవర్ వాళ్ల కుక్కరు సీ టవర్‌కి పోతుంది, ఏడాది తిరిగేసరికి అదే ల్యాంపు మళ్లీ అదే బేస్‌మెంట్‌కి వస్తుంది. సామాను కాంపౌండ్ దాటదు. అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి కదండీ, ఇంకొకరి పాతది ఎవరికి కావాలి? ఫొటోలు తీసుకుని, సమోసాలు తిని, సాయంత్రానికి మూటలు మళ్లీ లిఫ్టులో పైకి.

కాబట్టి నేను ముందు బల్లల గురించీ స్టిక్కర్ల గురించీ చెప్పను. ఎవరు కొంటారో ముందు చెప్తాను. మన ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, కార్లు కడిగే కుర్రాళ్లు, డ్రైవర్లు, పక్క సందుల్లో పీజీల్లో ఉండి ఇప్పుడే ముగ్గురు కలిసి రూము తీసుకున్న మన తెలుగు పిల్లలు, ఆరు నెలల అద్దో పది నెలల అద్దో అడ్వాన్సుగా కట్టి చేతులు ఖాళీ అయిన కొత్త జంటలు. వీళ్లకి వస్తువు కావాలి, కొత్తది కొనే డబ్బు ఇవాళ లేదు, మంచి పాతది దొరికితే కొంటారు. వీళ్లు లోపలికి రాగలిగితే సేల్ నడుస్తుంది, లేకపోతే లేదు. మిగతా విషయాలన్నీ దీని తర్వాతే.

ఇక్కడే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పనావిడకి ఊరికే ఇచ్చేస్తాం కదా, అమ్మడమేంటి నామోషీగా అని. ఇవ్వండి, ఎవరొద్దన్నారు, మిగతా 364 రోజులూ ఇవ్వండి. కానీ మనం ఊరికే ఇచ్చేటప్పుడు ఏమిస్తామో కాస్త ఆలోచించండి. జారు పగిలిన మిక్సీ, జిప్పు పోయిన బ్యాగు, మన అబ్బాయికి పొట్టైపోయిన జీన్సు, అది ఆవిడ కొడుక్కి సరిపోతుందో లేదో కూడా మనం అడగం. ఆవిడ వద్దనలేదు, మొహమాటానికి పట్టుకెళ్తుంది. అదే రెండొందలు పెట్టి కొనేటప్పుడు మూత తీసి చూస్తుంది, స్విచ్చు వేసి చూస్తుంది, బాలేదని పక్కన పెట్టి ఇంకోటి చూస్తుంది. మన నామోషీ సంగతి మనం చూసుకుందాం, ఆవిడ ఏరుకోవడానికి అడ్డం పడకుండా ఉంటే చాలు. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ దగ్గర మన అమ్మమ్మలు అరపూట బేరమాడేవారు, ఇటు పట్టుచీర అంచు చూపిస్తూ, అటు గిన్నె అడుగు కొట్టి చూస్తూ. అప్పుడెవరికీ నామోషీ అనిపించలేదు.

సరే, రోజు. నెల మొదటి ఆదివారం పెట్టండి. జీతాలు వచ్చుంటాయి. శుక్రవారం ఇంట్లో వస్తువు బయటికిచ్చేవాళ్లు మనలో తక్కువ, శనివారం ఇనుము కొనేవాళ్లు ఇంకా తక్కువ, ఆ తగువు మనకెందుకు? నెలల్లో అయితే ఏప్రిల్, మే బాగుంటాయి, స్కూళ్లు సెలవులు, ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. జనవరి మొదట్లో కూడా బాగుంటుంది, భోగికి పాత సామాను వదిలించుకునే అలవాటు మనకి ఎలాగూ ఉంది, మంటలో వేసే బదులు బల్ల మీద పెట్టండి. సెప్టెంబర్, అక్టోబర్ మాత్రం వద్దు. ఈ ఊరికి పెద్ద వానలు అప్పుడే. 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు బేస్‌మెంట్లలో కార్లు మునిగిన ఫొటోలు అందరం చూశాం. ఏప్రిల్, మేలో కూడా సాయంత్రం గాలివాన వస్తుంది కాబట్టి మధ్యాహ్నం రెండుకల్లా ముగించేయాలి. కింది బేస్‌మెంట్ కాకుండా పైది అడగండి, అక్కడ వెలుతురుంటుంది. కార్లు తిరిగే దారి, మెట్లు, ఫైర్ వాళ్ల పైపులు ఉన్న చోటు వదిలేయాలి, దానికి అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

టైము గురించి ఒక కిటుకు చెప్తాను. పొద్దున తొమ్మిదికి తెరిస్తే ముందొచ్చేది మనవాళ్లే, పైజామాల మీద దిగి వచ్చేస్తారు. వాళ్ల వెనకే పాత సామాను కొని బయట అమ్ముకునేవాళ్లు ఒకరిద్దరు వస్తారు, వాళ్ల కన్ను చాలా పదును, అరగంటలో మంచివన్నీ ఏరేస్తారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఖాళీ అయ్యేది పదకొండు తర్వాత. అప్పటికి బల్ల మీద మిగిలేది పగిలిన ఫొటో ఫ్రేములు. అందుకని వంటింటి సామాన్లు, పిల్లల సైకిళ్లు, స్కూలు బ్యాగులు, ఫ్యాన్లు సగం లోపల పెట్టుకుని పదకొండింటికి బయటికి తీయండి. ఆ మాట నోటీసులోనే రాయండి. నోటీసు కన్నడలో, తెలుగులో, హిందీలో ఉండాలి. ఇంగ్లీషులో మన వాట్సాప్ గ్రూపులో పెడితే మనమే చూసుకుంటాం. మన సెక్యూరిటీ కుర్రాళ్లలో అస్సాం వాళ్లున్నారు, ఒడిశా వాళ్లున్నారు, రాత్రి డ్యూటీ దిగేటప్పుడు వాళ్లకి నోటితో చెప్పాలి. పీజీల్లో మెస్ గోడ మీద ఒక కాగితం అంటిస్తే చాలు, ఆ పిల్లలు ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీపెట్టె, బకెట్లు, టేబులు, కుర్చీ వీటి కోసమే చూస్తుంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కొన్న మానిటర్లు, ఆఫీసు కుర్చీలు ఎన్ని ఇళ్లలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తున్నాయో నాకు తెలుసు. (నవ్వులు) అవి తీయండి, మొదట పోయేవి అవే.

ఏవి తేకూడదో కూడా చెప్పాలి. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు అమ్మకూడదు, అవి కంపెనీవి, కనెక్షన్ వద్దనుకుంటే ఏజెన్సీకి సరెండర్ చేస్తే మీ డిపాజిట్ మీకొస్తుంది. ఇన్వర్టర్ పాత బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి, అది కొత్త బ్యాటరీ కొనే షాపులోనే ఎక్స్చేంజీకి ఇవ్వండి. ఒకసారి కింద పడ్డ హెల్మెట్ పైకి బాగానే కనపడుతుంది, లోపల థర్మకోల్ నలిగిపోయుండొచ్చు, అది ఇంకొకరి తల మీద పెట్టకండి. పరుపులు ఎవరూ కొనరు, నల్లుల భయం, ఆ భయం న్యాయమైనదే. అమెరికా నుంచి తెచ్చిన బ్లెండర్లు, రైస్ కుక్కర్లు వెనక ఒకసారి చూడండి, 120 వోల్టులు అని మాత్రమే ఉంటే ఇక్కడి 230కి పెట్టగానే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి, చెప్పి అమ్మితే అమ్మండి. దేవుడి పటాలు బల్ల మీద పెట్టొద్దు, బేరమాడలేక కొనేవాళ్లకి ఇబ్బంది, చూసేవాళ్లకి ఇబ్బంది.

గృహప్రవేశం గిఫ్టుల సంగతి విడిగా చెప్పాలి. గోడ గడియారాలు, గాజు గ్లాసుల సెట్లు, రంగు కాగితం కూడా విప్పనివి ప్రతి ఇంటి అటక మీదా ఉన్నాయి, మా ఇంట్లో కూడా ఉన్నాయి, ఇచ్చినవాళ్లేమో ఇదే గదిలో కూర్చున్నారు. (నవ్వులు) కాబట్టి ఒక పని చేయండి. పక్క టవర్‌లో స్నేహితురాలి బల్ల మీద పెట్టించండి, ఆవిడవి మీ బల్ల మీద పెట్టండి. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించి ఇచ్చే ఆచారం మనది, అవి మాత్రం ఎంత తిప్పి పెట్టినా దొరికిపోతారు. ఇత్తడి బిందెలు, కంచు గ్లాసులు, రాగి చెంబులు ఉంటే తొందరపడి యాభైకి వందకి ఇవ్వొద్దు. లోహానికే ఒక ధర ఉంటుంది, ముందు పాత్రల షాపులో తూకం వేయించి తెలుసుకోండి. నన్నడిగితే అవి అసలు అమ్మొద్దంటాను, మీ ఇష్టం.

ఇప్పుడు ధర. గొడవంతా ఇక్కడే. కొన్న ధర మర్చిపోండి. "మేం పన్నెండు వేలకి తీసుకున్నాం" అనే మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదు. కొనేవాళ్ల చేతిలో ఫోనుంది, అదే మిక్సీ కొత్తది ఆన్‌లైన్‌లో ఇవాళ ఎంతో అర నిమిషంలో చూస్తారు. ఆ ఇవాళ్టి ధరలో మూడో వంతు, అదీ వస్తువు శుభ్రంగా ఉండి పనిచేస్తుంటే. గీతలు పడితే ఐదో వంతు. ఇది నా లెక్క, శాస్త్రం కాదు. పార్టికల్ బోర్డు అల్మరాలు, టీవీ యూనిట్లు దాదాపు సున్నా అనుకోండి, ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టవు, నీళ్లు తగిలితే అడుగు ఉబ్బిపోతుంది. టేకు మంచం లాంటివి ఈ సేల్లో పెట్టకండి, ఓఎల్ఎక్స్‌లోనో ఇంకెక్కడో ఫొటో పెట్టి తీరిగ్గా అమ్ముకోండి. ధరలన్నీ 10, 20, 50, 100, 200, 500. మధ్యలో అంకెలొద్దు, చిల్లర కోసం వెతుక్కోలేం. బేరానికి కాస్త జాగా ఉంచండి, "స్వల్ప కమ్మి మాడి", అంటే కాస్త తగ్గించండి, అనకుండా ఈ ఊళ్లో ఎవరూ కొత్తిమీర కట్ట కూడా కొనరు, మనమూ కొనం. కానీ ఒక పద్ధతి పెట్టుకోండి, పక్క ఫ్లాట్ వాళ్లకి వంద తగ్గించి వాచ్‌మన్‌కి పది తగ్గించకపోతే బాగోదు.

పాత సామాను ఎలా అమ్ముతారో చూడాలంటే ఆదివారం పొద్దున చిక్కపేట వైపు వెళ్లి సండే బజార్ చూడండి, పేవ్‌మెంట్ మీద వాళ్లు సర్దే తీరు చూడండి. ఒకే రకం వస్తువులు ఒకచోట, పనిచేసేది చేయనిది విడివిడిగా, అడిగితే ఒక్కటే ధర టక్కున చెప్తారు. స్కూలు, ఎంట్రన్స్ పుస్తకాలు ఎంతకి పోతాయో తెలియాలంటే అవెన్యూ రోడ్డు, నవలలకైతే చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ లాంటి పుస్తకాల షాపులో ఒకసారి అడగండి. మన పిల్లల కోచింగ్ పుస్తకాలు కట్టలు కట్టకుండా సబ్జెక్టు పేరు కనపడేలా నిలబెట్టండి. కొనడానికొచ్చే పిల్లకి ఫిజిక్స్ ఒక్కటే కావాలి, మొత్తం కట్ట తీసుకో అంటే వెళ్లిపోతుంది.

వస్తువు పనిచేస్తుందని చూపించాలి, ఇది చాలా ముఖ్యం. ప్రతి రెండు బల్లలకీ ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టండి. బొమ్మలకి సెల్స్ వేసి పెట్టండి. కుక్కరుకి కొత్త గాస్కెట్ వేసి, వెయిట్ పక్కనే దారంతో కట్టి ఉంచండి, ఆ కాస్త ఖర్చుతో రెండు వందలది నాలుగొందలకి పోతుంది. ముందురోజు తడిగుడ్డతో తుడవండి. జిడ్డు చూసి వెనక్కి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఫోన్లు, ట్యాబులు అమ్మేవాళ్లు ముందు గూగుల్ అకౌంట్ తీసేసి తర్వాత రీసెట్ చేయండి, తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవాళ్లకి అది మీ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చోవచ్చు. బిల్లు ఉంటే ఇవ్వండి, ఐఎంఈఐ నంబరు రాసుకోండి. పిల్లల బొమ్మలు పిల్లల్ని అడక్కుండా తేకండి. నాలుగేళ్లుగా ముట్టని టెడ్డీ ఎవరో ఎత్తుకునేసరికి ప్రాణసమానం అయిపోతుంది, ఆ ఏడుపు బేస్‌మెంట్ అంతా మోగుతుంది.

డబ్బు విషయం. ఒక్కో ఇంటికి ఒక రంగు స్టిక్కర్, చివర ఒక్కటే కౌంటరు, ఒక నోటుబుక్కు, అక్కడ ఇద్దరు కూర్చోవాలి. చాలామంది ఫోన్‌పే, గూగుల్‌పే చేస్తారు. స్క్రీన్‌షాట్ చూపించారని వస్తువు ఇవ్వకండి, మీ ఫోన్లో మెసేజ్ వచ్చాకే ఇవ్వండి. ఇంకొకటి, డబ్బు రావడానికి పిన్ను ఎప్పుడూ అవసరం లేదు. ఎవరైనా క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ను కొడితే మీకు డబ్బు పడుతుందంటే, అది మోసం. ఈ మోసం సేల్ రోజు ఎదురుగా నిలబడి చేయరు, ముందురోజు ఫోన్లో చేస్తారు, "సోఫా నాకు రిజర్వ్ చేయండి, అడ్వాన్స్ పంపిస్తున్నా" అంటూ. అసలు రిజర్వులే వద్దు. మనలో మనకి కూడా. ముందురోజు రాత్రి "అక్కా, ఆ సైకిలు నాకు పక్కన పెట్టు" అని ఫోన్లు వస్తాయి, డబ్బిచ్చి తీసుకెళ్లమనండి, లేదా తొమ్మిదికి రమ్మనండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, గేటు స్లిప్పు. మన దగ్గర బయటికి వెళ్లే ప్రతి సంచీ సెక్యూరిటీ చూస్తాడు, అదీ ఎవరి సంచీ చూస్తాడో మీకు తెలుసు. మీది చూడడు, నాది చూడడు. నేను ఇంతకుముందున్న అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి సేల్ రోజునే ఒకావిడ ఐరన్ బాక్సు, ప్లాస్కు కొనుక్కుని వెళ్తుంటే గేటు దగ్గర ఆపేశారు. ఎక్కడిదని అడిగారు. కొన్నానంది. రసీదు లేదు. అమ్మినవాళ్ల ఫ్లాట్ నంబరు ఆవిడకి తెలియదు, బల్ల దగ్గర ఎవరో పిల్లాడున్నాడు అంతే. పిలిపించి తేల్చేసరికి అరగంట, దారినపోయేవాళ్లంతా చూస్తుండగా. తేలాక ఎవరూ సారీ కూడా చెప్పలేదు. ఆవిడతోపాటు వచ్చిన నలుగురూ తాము తీసుకున్నవి అక్కడే వదిలేసి వెళ్లారు. ఆ రోజు ఇక సేల్ లేదు. సెక్యూరిటీని అనడానికి లేదు, అతనికి చెప్పిన రూలు అది. మనం స్లిప్పు ఇచ్చుంటే అయిపోయేది. కాబట్టి నంబరేసిన స్లిప్పు పుస్తకాలు చేయిద్దాం, వస్తువు పేరు, ఫ్లాట్ నంబరు, సంతకం, అసోసియేషన్ ముద్ర. ప్రతి పది రూపాయల వస్తువుకి కూడా. సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కి శనివారమే నమూనా చూపించాలి. వీలైతే ఆ రోజు గేటు దగ్గర మనలో ఒకరు కూర్చోవాలి, లోపలికి వచ్చేవాళ్లని "ఎక్కడికి" అని అడిగే బదులు బేస్‌మెంట్ దారి చూపించడానికి. దీనికి పేర్లిచ్చేవాళ్లుంటేనే నేను ఈ సేల్ పనికి వస్తాను, లేకపోతే నన్ను వదిలేయండి, నిజంగా చెప్తున్నా.

పెద్ద సామాన్ల సంగతి తేలిక. ఫ్రిజ్, మంచం లాంటివి కొన్నవాళ్లు ఎలా తీసుకెళ్తారో మీరే ముందు కనుక్కుని పెట్టండి, టాటా ఏస్ ఒకటి రోజంతా గేటు బయట ఉండేలా మాట్లాడుకుంటే ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు.

ఒంటిగంట నుంచి సగం ధర, అది అందరికీ కనపడేలా రాయాలి. ఫ్రీ పెట్టె వద్దు, పది రూపాయల పెట్టె పెట్టండి. ఫ్రీ అంటే అవసరం లేనివాళ్లు కూడా చేయి పెడతారు. గుజరీ అతన్ని, అంటే పాత ఇనప సామాను కొనేవాణ్ని, రెండింటికి రమ్మనండి. అతను తొమ్మిదికే వచ్చి మొత్తం ఇంతకి తీసుకుంటానంటాడు, ఎండ ఎక్కేకొద్దీ ఆ మాట తియ్యగా వినపడుతుంది, ఒప్పుకోకండి. మిగిలిన బట్టలు గూంజ్ లాంటి సంస్థలకి పంపొచ్చు, ఉతికినవి, చిరగనివి మాత్రమే. పనిచేయని ఎలక్ట్రానిక్స్ గుజరీకి వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. ఏది మిగిలినా పైకి తీసుకెళ్లకూడదు, అది మాత్రం రూలు.

ఏమైనా అడగాలంటే అడగండి.

(ప్రశ్న: వచ్చిన డబ్బుకి పన్ను ఏమైనా ఉంటుందా?)

ఇంట్లో వాడుకున్న సొంత సామాను అమ్మితే ఉండదండీ. బంగారం, పెయింటింగులు, పురాతన వస్తువులు అయితే లెక్క వేరు. జీఎస్టీ వ్యాపారానికి. కొని తెచ్చి అమ్మడం మొదలుపెడితే అది సేల్ కాదు, దుకాణం.

(ప్రశ్న: వచ్చిందంతా అసోసియేషన్ ఫండ్‌కి ఇద్దామా?)

నా ఉద్దేశంలో వద్దు. ఎవరి డబ్బు వాళ్లకి. ఫండ్‌కి అనగానే ఎవరూ మంచి వస్తువు తేరు, చెత్త తెస్తారు, పైగా ధర కూడా తగ్గించరు, మంచి పనికే కదా ఇవ్వండి అంటారు. ఇంటికి వంద రూపాయలు బల్లల అద్దెకి, స్లిప్పులకి తీసుకుంటే సరిపోతుంది.

(ప్రశ్న: మేడమ్, మా దగ్గర ట్రెడ్‌మిల్ ఉంది...)

అందరి దగ్గరా ఉంది. (నవ్వులు) మోటరు తిరుగుతుందా? బెల్టు చిరిగిందా? తిరుగుతుంటే సేల్ దాకా ఆగకండి, కిందికి దించడానికి, మళ్లీ ఎత్తడానికి రెండుసార్లు మనుషుల్ని పెట్టుకోవాలి. పైనే ఉంచి, ఆన్ చేసిన వీడియో ఒకటి కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకి పంపండి, ధర కాగితం మీద రాసి అక్కడే అంటించండి, కావలసినవాళ్లు పైకొచ్చి చూసుకుంటారు. సరే, గేటు దగ్గర కూర్చోవడానికి పేర్లిచ్చేవాళ్లు ఇటు రండి, తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇద్దరు, పదకొండు నుంచి రెండు దాకా ముగ్గురు కావాలి.